గరిటె చేతికిచ్చి పక్కన కూర్చోండి

సాయంత్రం పూట మా అపార్ట్‌మెంట్ కింద పిల్లల్ని ఆడించే అమ్మాయిలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఆంటీ, ఏడాదిన్నర వాడికి ఇంట్లో ఏం యాక్టివిటీస్ పెట్టాలి?" కొందరు ఫోన్ తీసి బొమ్మలు చూపిస్తారు. రంగులద్దిన బియ్యం, చెక్క ట్రేలు, బుల్లి పట్టకార్లు. దీన్ని సెన్సరీ ప్లే అంటున్నారు.

నేను కోనసీమలో ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ఆటపాటలకి వచ్చేది మూడేళ్ళు నిండిన పిల్లలే అయినా, అక్కల చంకనెక్కి వచ్చే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎప్పుడూ ఉండేవాళ్ళు. వాళ్ళని ఏడవకుండా కూర్చోబెట్టడం నా పని కాకపోయినా నా మెడకే పడేది. ఇప్పుడు హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటూ మనవణ్ణి చూసుకుంటున్నాను. అక్కడా ఇక్కడా తెలుసుకున్నవి కొన్ని రాస్తున్నాను. ఏడాది నిండి మూడేళ్ళు నిండని వాళ్ళ గురించే. గుర్తొచ్చిన వరసలోనే ఉంటాయి.

1. ఏదైనా కొనే ముందు వంటింటి కింది అర తెరవండి.

ఒకదాంట్లో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెలు, మూతలున్న డబ్బాలు, రెండు గరిటెలు, ఇడ్లీ రేకులు, జల్లెడ, గరాటు. ఏడాది దాటిన పిల్లకి ఇవి చాలు. ఏ మూత ఏ డబ్బాకి పడుతుందో తేల్చుకోవడంలోనే మా మనవడికి పొద్దుటి కాఫీల వేళంతా గడిచిపోతుంది. పెద్ద గిన్నె చిన్న గిన్నెలో పట్టదని వాడికి ఎవరూ చెప్పలేదు. కుక్కి కుక్కి చూసి వాడే తెలుసుకున్నాడు.

మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో ఒక పేదల పేటలో తన మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచారు. ఆవిడ పద్ధతిలో చిన్న జగ్గుతో నీళ్ళు వంపడం, గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం, బల్ల తుడవడం, ఇవన్నీ పాఠాలే. 1939లో మద్రాసు వచ్చి అడయారులో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ దగ్గర టీచర్లకి శిక్షణ ఇచ్చారు. యుద్ధం ముంచుకు రావడంతో, అందులోనూ ఇటలీ మనిషి కావడంతో, 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఇవాళ ఆవిడ పేరున్న బోర్డు లేని వీధి మన ఊళ్ళలో తక్కువ. ఆ బోర్డుల వెనక పిల్లాడి చేతికి నీళ్ళ జగ్గు ఇచ్చే ధైర్యం ఎన్నిచోట్ల ఉందో నాకు అనుమానమే.

వంటింట్లో ఒక అర వాడి పేర రాసేయండి. అందులో గాజు సామాను, కత్తిపీట, నూనె సీసా ఉండకూడదు. మిగతా అరలకి గడియ పెట్టుకోండి. "అది ముట్టకు, ఇది ముట్టకు" అని రోజంతా అరిచే పని తప్పుతుంది.

2. ఆట విడిగా పెట్టకండి. మీ పనిలో వాటా ఇవ్వండి.

నేను చెప్పదలచుకున్నదంతా నిజానికి ఈ ఒక్క మాటే. ఒక తల్లి రాత్రి కూర్చుని బియ్యానికి రంగులద్ది, ఆరబెట్టి, పొద్దున్న ట్రేలో పోసి ముందు పెడితే, పిల్లాడు రెండు నిమిషాలు కెలికి చీపురు కోసం పరిగెత్తాడట. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది. చీపురు కోసం ఎందుకు వెళ్ళాడంటే, ఆ చీపురు అమ్మ చేతిలో ఉంటుంది కాబట్టి. అమ్మ చేతిలో ఉన్నదే వాడికి అసలైన వస్తువు.

చపాతీ పిండి కలిపినప్పుడు నిమ్మకాయంత ముద్ద వాడికి. కరివేపాకు రెమ్మ దూయమంటే ఒక్కో ఆకూ లాగుతాడు, చేతికి వాసన అంటుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. కొత్తిమీర తుంచడం, వెల్లుల్లి పాయ విడదీయడం, ఉల్లిపాయ పైపొట్టు గరగరలాడించడం. బట్టలు ఆరేసేటప్పుడు తడి తువ్వాలు ఎంత బరువో, ఎండిన తువ్వాలు ఎంత తేలికో వాడి చేతులకే తెలుస్తుంది. సాక్సులు జతపెట్టడం రెండేళ్ళు దాటాక బాగా కుదురుతుంది. మీ పని ఆలస్యమవుతుంది, నిజమే. విడిగా ఆట సిద్ధం చేసి, తర్వాత శుభ్రం చేసే టైముతో పోల్చి చూసుకోండి మరి.

2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 'నవచేతన' పేరుతో, పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ళ వరకు నెలవారీగా పిల్లలతో ఇంట్లో ఏం చెయ్యొచ్చో ఒక చట్రం తయారుచేసింది. నేను పనిచేసే రోజుల్లో మూడేళ్ళ లోపు వాళ్ళంటే తూకం, టీకా, పౌష్టికాహారం, అంతవరకే. ఆట కూడా వాళ్ళకి తిండేనని ప్రభుత్వం ఇలా నెలనెలకీ రాసివ్వడానికి, అంగన్‌వాడీలను నడిపే, 1975లో మొదలైన ఐసీడీఎస్ పథకానికి, ఇంతకాలం పట్టింది.

3. నీళ్ళకి మించిన బొమ్మ లేదు, నీళ్ళకి మించిన భయమూ లేదు.

బాల్కనీలో పాత నూలు చీర నాలుగు మడతలు వేసి పరవండి. వెడల్పాటి బేసిన్‌లో రెండు చెంబుల నీళ్ళు పొయ్యండి. ఒక గ్లాసు, టీ వడకట్టే జల్లెడ, స్పాంజి ముక్క, అడుగున చిల్లు పెట్టిన కొబ్బరి చిప్ప ఇవ్వండి. చిప్పలోంచి నీళ్ళు ధారగా కారుతుంటే పిల్లలు దాని కింద వేలు పెట్టి ఆపుతారు, తీస్తారు, మళ్ళీ ఆపుతారు. స్పాంజి పిండడంలో పిడికిలికి బలం వస్తుంది. రేపు పెన్సిల్ పట్టుకోవాల్సింది ఆ పిడికిలే.

కొంచెం పెద్ద పిల్లలకి తేలేవీ మునిగేవీ చూపించొచ్చు. బంగాళాదుంప మునుగుతుంది, ఎండు కొబ్బరికాయ తేలుతుంది. కమలాపండు తొక్కతో తేలుతుంది, తొక్క ఒలిచి వేస్తే మునుగుతుంది. తొక్కలో గాలి ఉంటుందని వాడికి ఇప్పుడే చెప్పాల్సిన పని లేదు. అందరికన్నా పెద్దవాళ్ళే ఎక్కువ ఆశ్చర్యపోతారు. మా అబ్బాయి ఆఫీసు మీటింగ్ మధ్యలో వచ్చి రెండోసారి వేసి చూశాడు.

ఇక భయం సంగతి. రెండంగుళాల నీళ్ళు చాలు, ఈ వయసు పిల్లలు మునగడానికి. తల బరువు ఎక్కువ, బకెట్‌లోకి వంగితే బోర్లా పడతారు, పైకి లేవలేరు, అరవను కూడా అరవలేరు. మన బాత్‌రూముల్లో రాత్రి పంపు వచ్చినప్పుడు నింపి పెట్టుకునే బకెట్లు, టబ్బులు ఉంటాయి. వాటికి మూతలు పెట్టండి, బాత్‌రూము తలుపుకి బయట గడియ పెట్టండి. నీళ్ళాట జరుగుతున్నంతసేపూ చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. కాలింగ్ బెల్ మోగితే పిల్లాణ్ణి ఎత్తుకునే వెళ్ళండి. ఆట అవగానే బేసిన్ బోర్లించాలి. దీనికి మినహాయింపు లేదు.

4. గింజలతో జాగ్రత్త.

ఫోన్‌లో చూపించే వీడియోల్లో శనగలు, రాజ్మా, పూసలు ట్రేల నిండా పోస్తారు. మూడేళ్ళ లోపు పిల్లలకి ఇవి వద్దేవద్దు. నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డం పడతాయి. ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటే, ఎండు గింజ తడికి ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. మా ఊళ్ళో చింతపిక్క ముక్కులో పెట్టుకున్న పిల్లల్ని పట్టుకుని అమలాపురం పరిగెత్తడం మామూలే. నీళ్ళలో వేస్తే ముత్యాల్లా ఉబ్బే రంగు బంతులు అమ్ముతున్నారు, వాటిని ఇంటి గడప తొక్కనివ్వకండి. మింగితే కడుపులో కూడా అలాగే ఉబ్బుతాయి. గురివింద గింజలు, ఆముదపు గింజలు అందంగానే ఉంటాయి. రెండూ విషమే.

ఒక కొలత చెబుతాను. టిష్యూ పేపర్ చుట్ట అయిపోయాక మిగిలే అట్ట గొట్టం దాచుకోండి. అందులోంచి జారిపడే వస్తువు ఏదైనా పిల్లాడి చేతికి చిన్నదే. ద్రాక్షపండు, వేరుశనగ గింజ, రూపాయి బిళ్ళ, అన్నీ జారిపోతాయి.

మరి ఏం ఇవ్వాలి? ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసైతే ఉప్మాకని వేయించి చల్లార్చిన రవ్వ, పళ్ళెంలో పలచగా. వేలితో గీస్తే గీత పడుతుంది, పళ్ళెం ఊపితే చెరిగిపోతుంది. కొంచెం పెద్దవాళ్ళకి బియ్యం. బాసరలో అక్షరాభ్యాసం అప్పుడు బిడ్డ వేలు పట్టి బియ్యంలో ఓనమాలు దిద్దించేది ఒక్క రోజు పూజ. అంతకు ముందు ఎన్నో రోజులు అదే బియ్యంలో ఊరికే గీతలు గీసిన వేలికి ఆ రోజు బెదురుండదు.

5. నోట్లో పెట్టుకోవడం చెడ్డ అలవాటు కాదు.

ఈ వయసులో చెయ్యి చెప్పిన సంగతి నోరు సరిచూస్తుంది. అందుకని తినే వేళ చేతులు పాడుచేసుకోనివ్వండి. ముద్దపప్పన్నం వేళ్ళ సందుల్లోంచి పిసికితే పిసకనివ్వండి. అరటిపండు నలిపితే నలపనివ్వండి. టీవీ పెట్టి నోట్లో కుక్కితే ఏం తిన్నాడో వాడికీ తెలియదు, పెట్టినవాళ్ళకీ గుర్తుండదు.

ఉగాది నాడు పచ్చడి కలపకముందు ఆరు రుచులూ విడివిడిగా చిటికెడు చొప్పున నాకించి చూడండి. కొత్త చింతపండుకి ఒక కన్ను మూస్తారు, వేపపువ్వుకి నాలుక బయటపెట్టేస్తారు, ఆ వెంటనే బెల్లం కోసం చెయ్యి చాస్తారు. కారం సంగతి మాత్రం వదిలెయ్యండి, మిరియపు పొడి వేలికి అంటీ అంటనట్టు ఉంటే చాలు. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించకూడదు. పెద్దవాళ్ళు ఎంత ఆచారమని చెప్పినా సరే. తేనెలో ఉండే ఒక రకం క్రిమి ఆ చిన్న పేగుల్లో విషం పుట్టిస్తుంది.

6. పిండి ముద్దకి దుకాణం అక్కర్లేదు.

రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, చెంచాడు నూనె, కలుపుకోవడానికి సరిపడా గోరువెచ్చటి నీళ్ళు. చపాతీ ముద్దకన్నా కాస్త గట్టిగా రావాలి. గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం ఆడొచ్చు. రంగుకి పసుపు, బీట్‌రూట్ రసం, పాలకూర రుబ్బిన నీళ్ళు. ఉప్పు అంత ఎందుకంటే పాడవకుండా ఉండటానికి. ఆ ఉప్పు వల్లే, ఇంకా నమిలే వయసు పిల్లలకి ఇది పనికిరాదు. వాళ్ళకి మామూలు చపాతీ ముద్దే, అదీ పచ్చిపిండి తినకుండా చూసుకుంటూ.

పసుపు కలిపిన ముద్ద మీద వంటసోడా నీళ్ళు రెండు చుక్కలు వేసి చూడండి. ఎర్రబడుతుంది. పెళ్ళిళ్ళలో వసంతం నీళ్ళు కలిపేది పసుపూ సున్నంతోనే, అందుకే అవి ఎర్రగా ఉంటాయి. పిల్లల దగ్గర సున్నం మాత్రం తియ్యకండి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. తాంబూలం వేసుకునే తాతయ్యలున్న ఇళ్ళలో సున్నం డబ్బా ఎత్తులో పెట్టాలి.

7. వినాయక చవితి పత్రి.

వాసనల ఆటకి మన ఇంట్లో దీన్ని మించిన రోజు లేదు. ఇరవై ఒక్క రకాల ఆకులు ఒకేసారి ఇంట్లోకి వచ్చే రోజు మరి. మాచీపత్రం నలిపితే ఒక ఘాటు, మరువం ఇంకొకటి, తులసి వేరు, మామిడి లేతాకు వేరు. వావిలాకు వాసన బాలింతల నీళ్ళని గుర్తు చేస్తుంది, నాకు. గరిక సన్నగా అరచేతిలో గుచ్చుకుంటుంది, రావి ఆకు నున్నగా జారుతుంది. పూజకి ముందు కింద కూర్చుని పిల్లాడి అరచేతిలో ఒక్కో ఆకూ పెట్టి వాసన చూడమనండి. పేర్లు రాకపోయినా నష్టం లేదు. ఏది మళ్ళీ కావాలంటాడో, ఏది దూరంగా తోసేస్తాడో చూడండి, ఎవరి ముక్కు వాళ్ళది.

అయితే ఆ కట్టలోంచి మూడు ముందే తీసి దేవుడి పీట మీద పైన పెట్టేయాలి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. మొదటి రెండూ తింటే విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను పోయేంత మంట. సిటీలో పత్రి కట్టగా కొంటాం కాబట్టి ఇవి కలిసిపోయి ఉంటాయి. ఏ ఆకు ఏదో గుర్తుపట్టలేకపోతే అమ్మే ఆమెనే అడగండి, విడదీసి చూపిస్తుంది. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి పేర్చేటప్పుడూ ఇలాగే పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. గునుగు పువ్వు బుగ్గ మీద రాస్తే నవ్వని పిల్లని నేను చూడలేదు.

8. ఒక గంట టీవీ కట్టేయండి.

కుక్కర్ విజిల్, ఆకుకూరలామె కేక, పక్క ఫ్లాట్‌లో మిక్సీ, దూరంగా మసీదు నుంచి అజాన్. వెనక టీవీ మోగుతుంటే ఇవేవీ పిల్లాడి చెవిన విడిగా పడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీనే వద్దు, ఆ తర్వాత కూడా రోజుకి గంట మించకూడదు. ఏడాది దాటిన పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలని కూడా అందులోనే ఉంది. ఆ రెండో మాట ఎవరూ చెప్పరు.

9. పరీక్షలు పెట్టకండి.

"ఇదేంటి నాన్నా? ఏం రంగు? చెప్పు చెప్పు, ఆంటీకి చెప్పు." పిల్లాడు నీళ్ళు పోస్తున్నప్పుడు పక్కన ఈ గొడవ మొదలైతే వాడు ఆట వదిలి మన మొహం చూస్తాడు. అడగడం మాని, వాడు చేస్తున్నదే మాటల్లో చెప్పండి. "పోశావా... నిండింది... అయ్యో, ఒలికింది." అంతే. మాటలు అలా వస్తాయి. ఒక్కోసారి ఆ మాటా అక్కర్లేదు. వాడు పెదవులు బిగించి, ఊపిరి బిగబట్టి మూత తిప్పుతున్నప్పుడు మీరు ఫోటో కోసం పేరు పెట్టి పిలవకండి.

10. తడి, మట్టి అందరికీ నచ్చవు.

మా సెంటర్‌కి వచ్చే ఒక చిన్నపిల్ల తడి ఇసుక తగిలితే చెయ్యి చాచి ఏడ్చేది. ఆయా పట్టుకుని పిచ్చుకగూడు కట్టించబోతే ఆపాను. చెంచా ఇచ్చాను. కొన్నాళ్ళు చెంచాతోనే ఆడింది, తర్వాత పొడి ఇసుక, ఆ తర్వాత ఎప్పుడో తనంతట తనే కాలు పెట్టింది. బలవంతం చేసి ఉంటే ఆ మూలకే వచ్చేది కాదు. ఒక్కో పిల్ల పెద్దయ్యాక కూడా తడి మట్టి ముట్టదు, దానికేం దోషం లేదు.

కానీ ఇంకొన్ని ఉంటాయి. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, వేలు పెట్టి చూపించకపోవడం, ఏడాదిన్నరకీ ఒక్క మాటైనా రాకపోవడం, మిక్సీ శబ్దానికి ఇల్లదిరేలా చాలాసేపు ఏడవడం, వచ్చిన మాటలు పోవడం. ఇవి కనిపిస్తే "మా ఆయనకీ మాటలు ఆలస్యమే" అనుకుంటూ కూర్చోకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకి వచ్చి పిల్లల్ని చూస్తాయి, అవసరమైతే జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి, అంటే ఎదుగుదల లోపాలకి తొందరగా చికిత్స చేసే కేంద్రానికి, పంపుతాయి. ఫీజు ఉండదు. ఫ్లాట్లలో ఉండే చాలామందికి తమ వీధిలో అంగన్‌వాడీ ఉన్న సంగతే తెలియదు.

11. కొనాలనే ఉంటే ఏటికొప్పాక వైపు చూడండి.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డు ఊరు. అంకుడు కర్రని తరిమెన పట్టి, లక్కలో ఆకులూ గింజల రంగులు కలిపి పూస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నున్నటి గిలక్కాయ, బొంగరం, లక్కపిడతలు. లక్కపిడతల్లో బుల్లి గిన్నెలు చాలా చిన్నవి, పెద్దయ్యాక ఇవ్వండి. ఈ బొమ్మలు నేల మీద పడితే ప్లాస్టిక్‌లా కాకుండా నిండుగా మోగుతాయి.

మిగతా బొమ్మలు కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. రిజిస్టరైన హస్తకళల వాళ్ళకి మాత్రం మినహాయింపు ఉంది. పాడే బొమ్మలు, మెరిసే బొమ్మలు కొంటే వెనక బ్యాటరీ మూతకి మర ఉందో లేదో చూసుకోండి. గుండీలాంటి ఆ బిళ్ళ బ్యాటరీ మింగితే రెండు గంటల్లో అన్నవాహిక కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా చాలు, ఆసుపత్రికి బయల్దేరాల్సిందే.

12. నాన్నలకి స్నానం పని ఇవ్వండి.

అమ్మలే ఇదంతా చదువుతారని తెలుసు, అందుకే ఆఖర్న రాస్తున్నాను. మా ఇంట్లో ఆదివారం నలుగు మా అబ్బాయి పెడతాడు. సున్నిపిండి గరుకు, నూనె జారుడు, తలమీంచి చెంబుడు నీళ్ళు. కోడలు ఆ గంటసేపు తలుపేసుకుని పడుకుంటుంది. లోపల ఇద్దరూ కేకలు వేసుకుంటూ బాత్‌రూము గోడల దాకా పిండి చేస్తారు. కడిగేది కూడా వాడే.